కోట ఎక్కే రోజు సగం దూరమే: హన్మకొండ నుంచి కరీంనగర్ దాకా ఐదు రోజుల సైకిల్ యాత్ర

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిసెంబర్‌లో ఐదు రోజుల సెలవు దొరికింది. నువ్వూ, కరీంనగర్‌లో ఉండే మీ బావా కలిసి హన్మకొండలో బయల్దేరి రామప్ప, లక్నవరం, బొగత, కాళేశ్వరం, రామగిరి, ఎలగందుల, జగిత్యాల అన్నీ చూసుకుంటూ రోజుకు వంద కిలోమీటర్లు తొక్కాలనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఆదివారాలు ఎనభై, తొంభై తొక్కే అలవాటుంది కాబట్టి వంద పెద్ద లెక్క కాదని రాశావు. ఏ దారిన పోవాలి, ఏ సైకిల్ అయితే బాగుంటుంది, అడవిలో భయం ఉంటుందా అని అడిగావు.

వంద తొక్కగలరు, అందులో నాకు అనుమానం లేదు. తొక్కాక కోట ఎక్కలేరు. మీ ప్లాన్‌లో నాకు కనిపించిన లోపం అదొక్కటే, కానీ ప్లాన్ మొత్తాన్ని మార్చాల్సినంత పెద్దది. మన దగ్గర కోటలు ఎక్కువగా గుట్టల మీద ఉన్నాయి. కారు పార్కింగ్‌లో పెట్టి టికెట్ తీసుకుని లోపలికి నడిచే రకం కావు. రామగిరి ఎక్కి దిగాలంటే సగం రోజు పోతుంది. అందుకే ఈ దారుల్లో తిరిగిన ఇన్నేళ్ళలో నేను పెట్టుకున్న లెక్క: కోట ఎక్కే రోజు మామూలుగా తొక్కే దూరంలో సగమే తొక్కాలి, కోట పొద్దున్నే ఎక్కాలి.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. పదిహేనేళ్ళ కిందట భూపాలపల్లిలో చీకటితో లేచి, కాటారం, మంథని మీదుగా ఎనభై కిలోమీటర్లు తొక్కి, మధ్యాహ్నం రెండింటికి రామగిరి ఎక్కడం మొదలుపెట్టాను. సీసాలో నీళ్ళు సగమే ఉన్నాయి. పైన దొరుకుతాయిలే అనుకున్నాను. ఒక ద్వారం దాటి రెండోదాని దగ్గరికి వచ్చేసరికి రెండు పిక్కలూ ఒకేసారి పట్టేశాయి. రాయి మీద కూలబడి కాళ్ళు చాపలేక, ముడవలేక అరగంట ఉండిపోయాను. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన చూసి, భుజాన ఉన్న సీసా తీసి ఉప్పేసిన సల్ల తాగించాడు. పాదం పట్టుకుని బొటనవేలిని నా వైపు గట్టిగా వంచి, పిక్క వదులయ్యేదాకా అట్లాగే పట్టుకున్నాడు. "ఎలుగులు దిగే యాళ్ళయింది, పా" అని ముందు నడిచి కింద ఊరిదాకా తీసుకొచ్చాడు. కోట చూడనే లేదు. మళ్ళీ ఆ గుట్ట ఎక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

కాబట్టి ముందు లిస్టు తగ్గిద్దాం. బొగత, కాళేశ్వరం, జగిత్యాల ఈసారికి వదిలేయండి. బొగత ఏటూరునాగారం దాటి గోదావరి అవతల, వాజేడు వైపు ఉంది. అక్కడికి పోయి మళ్ళీ మంథని వైపు రావడం అంటే రెండు రోజులు అదనం. పైగా ఆ జలపాతాన్ని చూడాల్సింది వానాకాలంలో. లక్నవరం కూడా వేరే దిక్కు, దాని గురించి కింద చెప్తాను. మిగిలిన దారి ఇది: హన్మకొండ, రామప్ప, భూపాలపల్లి, మంథని, రామగిరి, పెద్దపల్లి, కరీంనగర్. మొత్తం సుమారు 250 కిలోమీటర్లు. ఐదు రోజులకు ఇంతేనా అనిపిస్తుంది. మూడో రోజు సాయంత్రం మీ కాళ్ళనే అడగండి.

మొదటి రోజు రామప్ప, సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఎక్కాల్సిన గుట్ట లేదు కాబట్టి పూర్తి దూరం తొక్కొచ్చు. పొద్దున ఆరింటికల్లా ములుగు రోడ్డు మీద ఉండండి. ఇది 163వ నంబర్ జాతీయ రహదారి. గుడెప్పాడ్ దాకా లారీలు ఎక్కువ. అక్కడ పరకాల, భూపాలపల్లి వైపు పోయే బండ్లు ఎడమకు తిరిగిపోతాయి, తర్వాత రోడ్డు కొంచెం ఊపిరి తీసుకుంటుంది. ములుగుకు ముందు గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్ళు ముందు ఈ తల్లికి మొక్కి గానీ ముందుకు పోరు. మీరూ ఆగండి, నీళ్ళు నింపుకోవడానికి కూడా మంచి చోటు. ములుగులో టిఫిన్ చేసి, జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట దాకా పొలాల మధ్య రోడ్డు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. వరంగల్ నుంచి గోదావరి వైపు పోతుంటే నేల మెల్లగా దిగుతూ ఉంటుంది. కంటికి తెలియదు గానీ కాళ్ళకు తెలుస్తుంది. పోయేటప్పుడు "ఇంత బాగా తొక్కుతున్నామా" అనిపిస్తుంది. అదే దారిన తిరిగొస్తే గంటకు మూడు, నాలుగు కిలోమీటర్ల వేగం తగ్గుతుంది. మీరు అదే దారిన రావట్లేదు కాబట్టి సరే. కానీ లక్నవరం పోయి తిరిగొచ్చేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

రామప్ప గుడి గురించి నీకు చెప్పాల్సిన పని లేదు, స్కూల్లో ఉండగానే చూసి ఉంటావు. కానీ సైకిల్ మీద డెబ్బై కిలోమీటర్లు వచ్చి చూస్తే వేరేగా ఉంటుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నీళ్ళ మీద తేలే ఇటుకల సంగతి అందరూ చెప్తారు. నేను మాత్రం పునాది సంగతి చెప్తాను. గుంత తవ్వి, ఇసుక నింపి, దాని మీద ఇంత రాతిబరువు నిలబెట్టారు. నేల కదిలితే ఆ కుదుపును ఇసుక మింగుతుంది. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఇసుకే. సాయంత్రం ఎండ వాలుగా పడేటప్పుడు నల్లరాతి మదనికల, అంటే నాట్యం చేసే స్త్రీ శిల్పాల దగ్గర నిలబడండి. మెడలో హారానికీ ఒంటికీ మధ్య సన్నటి సందు కనిపిస్తుంది, అందులోంచి వెలుగు అవతలికి పోతుంది. రాత్రికి చెరువు పక్కన టూరిజం వాళ్ళ కాటేజీలు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోండి.

రెండో రోజు కావాలనే చిన్నది. రామప్ప నుంచి పది కిలోమీటర్లలోపే గణపురం కోటగుళ్ళు. ఒకే ఆవరణలో ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్ళు, చుట్టూ ప్రాకారం. రామప్పకు వచ్చినంత జనం ఇక్కడికి రారు. పొద్దున ఎనిమిదింటికి మీరిద్దరే ఉండొచ్చు. చూసుకుని మధ్యాహ్నానికి భూపాలపల్లి చేరండి. సింగరేణి ఊరు, లాడ్జీలు, మెస్సులు ఉంటాయి. పెందలాడే పడుకోండి, ఎందుకంటే మూడో రోజు దారి కష్టం.

భూపాలపల్లి నుంచి కాటారం, అక్కణ్ణుంచి మంథని, మొత్తం అరవై కిలోమీటర్ల దాకా. సగం దారి అడవి. టేకు, మద్ది, మోదుగు, మధ్యలో ఇప్పచెట్లు. అందమైన దారే. కానీ బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు ఇదే రోడ్డు మీద తిరుగుతాయి. నాకు ఈ యాత్ర మొత్తంలో టెన్షన్ పెట్టేది ఈ ముక్క ఒక్కటే. తెల్లారగానే బయల్దేరి పదింటికల్లా కాటారం దాటేయండి. ఇద్దరూ పక్కపక్కన తొక్కొద్దు. వెనక లారీ హారన్ కొడితే రోడ్డు అంచునే పట్టుకుని వేలాడకుండా, పూర్తిగా మట్టిలోకి దిగి ఆగండి. అంచు దగ్గర తారుకూ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉండే చోట్లున్నాయి. టైరు అక్కడ జారితే లారీ వైపే పడతారు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. కాటారం అవతల అడవిలో ప్రతాపగిరి కోట ఉంది, అటు మనసు లాగుతుంది. దారి తెలిసిన ఊరివాళ్ళు వెంట లేకుండా పోవద్దు, ఈసారికి వదిలేయండి.

మంథనిలో మధ్యాహ్నం, సాయంత్రం మీవే. మంత్రపురి అని పేరున్న పాత అగ్రహారం. వేదపండితుల వీధులు, పెద్ద పెద్ద దర్వాజాల ఇళ్ళు. పి.వి. నరసింహారావు అసెంబ్లీకి గెలిచింది ఇక్కణ్ణుంచే, 1957లో. గోదావరి గట్టుకు పోయి కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చోండి. రేపటి గుట్టకు అంతకు మించిన మందు లేదు.

నాలుగో రోజు రామగిరి. మంథని నుంచి బేగంపేట వైపు గంట, గంటన్నర తొక్కితే గుట్ట కిందికి వస్తారు. సైకిళ్ళు కింద ఊళ్ళో ఎవరి ఇంటి ముందైనా అడిగి పెట్టండి. నేను ఎప్పుడడిగినా కాదనలేదు, డబ్బులు ఇస్తే తీసుకోనూ లేదు. సంచులు కూడా అక్కడే వదిలేసి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, పల్లిపట్టీలు, ఉప్పు వేసిన నిమ్మరసం పట్టుకుని ఏడున్నరకల్లా ఎక్కడం మొదలుపెట్టాలి. అంతకన్నా ముందు వద్దు. తెల్లవారుజామున, సాయంత్రం ఎలుగుబంట్లు తిరిగే వేళ.

ఒకదాని తర్వాత ఒకటి ద్వారాలు వస్తాయి. దారి తిన్నగా ఉండదు, ద్వారం దగ్గరికి రాగానే పక్కకు తిరుగుతుంది, ఏనుగుతో తలుపు గుద్దించకుండా చేసిన ఏర్పాటు అది. కాకతీయుల తర్వాత కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాములు ఏలిన కోట కాబట్టి గోడలో పాతరాయి, కొత్త సున్నం కలిసి కనిపిస్తాయి. పైన ఫిరంగులు, నీటి గుండాలు ఉన్నాయి. ఈ గుట్ట వనమూలికలకు పేరు, ఆయుర్వేదం చదివేవాళ్ళు ఇక్కడికి వచ్చి వారాల తరబడి తిరుగుతారు. తెలియని ఆకు తెంపొద్దు, నోట్లో అసలే పెట్టొద్దు.

పాత గోడలకూ, ద్వారాల పైకప్పులకూ పెద్ద తేనెటీగలు పట్టి ఉంటాయి. కోటల్లో నేను ఎలుగు కన్నా ఎక్కువ భయపడేది వీటికే. ద్వారం కిందికి పోయేముందు తలెత్తి చూడండి. తేనెపట్టు కనిపిస్తే అరవొద్దు, సిగరెట్, అగ్గి వద్దు, డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి. సెంటు కూడా కొట్టుకోవద్దు. ఒకసారి మా గుంపులో ఒక పిల్లవాడు ప్రతిధ్వని కోసం చప్పట్లు కొట్టాడు, ఐదుగురం గుడ్డలు తల మీద కప్పుకుని పొదల్లోకి దూరాం.

పన్నెండున్నరకు దిగిపోతే, కింద తిని, నీడలో పడుకుని, మూడింటికి లేచి పెద్దపల్లి పోవచ్చు, ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ రోజు మొత్తం నలభైకి మించదు. ఇదే నేను చెప్పిన సగం లెక్క.

ఐదో రోజు పెద్దపల్లి నుంచి సుల్తానాబాద్ మీదుగా కరీంనగర్. రాజీవ్ రహదారి, నాలుగు వరసల రోడ్డు. చూడ్డానికి ఏమీ లేదు, అంచు పట్టుకుని మూడు గంటల్లో తొక్కేయండి. మధ్యాహ్న భోజనం మీ అక్క వాళ్ళింట్లో.

మరి ఎలగందుల అంటావా? దాన్ని ఐదో రోజు సాయంత్రం ఇరికించొద్దు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి అదే, అందుకే విడిగా ఒక శని, ఆదివారం పెట్టుకోమంటాను. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారేదాకా ఎలగందులే జిల్లా కేంద్రం. మానేరు ఒడ్డున గుట్ట, కింద కందకం, పైన మినార్లు. కరీంనగర్ నుంచి సిరిసిల్ల రోడ్డులో పది, పదిహేను కిలోమీటర్లు. శనివారం పొద్దున ఎక్కి దిగి, రాత్రికి బావ వాళ్ళింటికే వచ్చేయండి. ఆదివారం వరంగల్ రోడ్డు పట్టుకుంటే ముప్ఫై కిలోమీటర్ల దగ్గర శంకరపట్నం మండలంలో మొలంగూరు కోట. ఒకే పెద్ద రాతిగుట్ట, ఎక్కడం నిటారుగానే ఉంటుంది, కానీ చిన్నది. కింద దూద్‌బావి. నీళ్ళు పాలలాగా తెల్లగా ఉంటాయని ఆ పేరు, నిజాం కోసం ఇక్కణ్ణుంచి నీళ్ళు తీసుకుపోయేవాళ్ళని ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు.

మొలంగూరును కాకతీయులు వరంగల్‌కూ ఎలగందులకూ మధ్య మజిలీగా వాడుకున్నారు. మ్యాప్ తీసి కొలుచుకో. వరంగల్ నుంచి మొలంగూరు యాభై కిలోమీటర్ల లోపు, అక్కణ్ణుంచి ఎలగందుల నలభై, నలభై ఐదు. బరువు మోసే గుర్రం అలసిపోకుండా ఒక్క రోజులో నడిచే దూరం. వెనక పదిహేను కిలోల సంచులు కట్టుకున్న సైకిల్‌కూ, గుట్ట ఎక్కే ఓపిక మిగలాలంటే, అదే దూరం సరిపోతుంది. నేను కాళ్ళు పట్టేసి తెలుసుకున్న లెక్క ఏడువందల ఏళ్ళ కిందటి దారిలో ముందే ఉంది. అది గమనించిన రోజు మొలంగూరు గుట్ట మీద చాలాసేపు కూర్చుండిపోయాను. అందుకే మీతో ఇంత పట్టుబట్టి చెప్తున్నాను. వంద, నూటయాభై అనే అంకెలు ఆదివారం రైడ్లకు పెట్టుకోండి, ఇక్కడ మజిలీలు లెక్కపెట్టండి.

లక్నవరం మాట. హన్మకొండ నుంచి ఎనభై కిలోమీటర్ల దాకా, గోవిందరావుపేట మండలంలో. కాకతీయుల కాలపు చెరువు, మధ్యలో దీవులు, వేలాడే వంతెన. రెండు రోజులు పెట్టుకుని విడిగా పోండి. ఇంకొక రోజు ఉంటే పస్రా మీదుగా తాడ్వాయి అడవిలోకి పోవచ్చు. 2024 ఆగస్టు 31న అక్కడ సుడిగాలికి వేల చెట్లు, యాభై వేల దాకా, కూకటివేళ్ళతో పడిపోయాయి. అంతకుముందు ఆ రోడ్డు మీద నీడలో తొక్కినవాణ్ణి, తర్వాత పోయి చూసి నోట మాట రాలేదు. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ వైపు సైకిల్ వద్దు. రెండేళ్ళకోసారి వచ్చే జాతర, 2026లో జనవరి చివర వచ్చింది. జాతరకు నెల ముందు నుంచే బండ్ల తాకిడి మొదలవుతుంది.

ఇంకా పెద్ద గుట్టలు కావాలంటే అది ఆదిలాబాద్ వైపు. రైల్లో మంచిర్యాల దిగి, మందమర్రి దగ్గర గాంధారి ఖిల్లా చూసి, జన్నారం, ఉట్నూరు మీదుగా నిర్మల్ పోవచ్చు. లేదా ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కొచ్చు, మలుపులు ఊపిరి తీసేస్తాయి. ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు దొరికితే వదలొద్దు. జన్నారం చుట్టూ ఉన్నది కవ్వాల్ పులుల అభయారణ్యం కాబట్టి రోడ్డు వదిలి అడవిలోకి దిగడం, గుడారం వేయడం కుదరదు. మీ మొదటి యాత్రకు అది వద్దు, వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

భయం గురించి అడిగావు. చీకట్లో తొక్కకపోతే అడవిలో భయం చాలావరకు ఉండదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత సీటు మీద ఉండొద్దు. చీకట్లో ప్రమాదం జంతువుల కన్నా రోడ్డు మీద ఆరబోసిన వడ్లతో ఎక్కువ. కోతల తర్వాత సగం రోడ్డు మీద వడ్లు పోసి, టార్పాలిన్ కప్పి, ఎగరకుండా అంచుకు వరసగా రాళ్ళు పెడతారు. లైటు వెలుగులో ఆ రాయి కనిపించేసరికి ముందు చక్రం దాని మీద ఉంటుంది. పగలు కూడా చుట్టూ తిరిగి పోండి, వడ్ల మీదికి ఎక్కించొద్దు. అది రైతు ఆరునెలల కష్టం. కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టి నడవండి, తొంభై శాతం అక్కడితో ఆగిపోతాయి.

సైకిల్ సంగతి. కొత్తది కొనక్కర్లేదు. మీ హైబ్రిడ్ చాలు, టైరు మాత్రం 35 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, నలభై అయితే ఇంకా మంచిది. అన్నిటికన్నా చిన్న గేర్‌లో ముందు చైన్‌వీల్ పళ్ళూ, వెనక ఫ్రీవీల్ పళ్ళూ సమానంగానైనా ఉండాలి. ముందు 34 ఉంటే వెనక కనీసం 34. వీపు మీద బ్యాగు వద్దు, క్యారియర్‌కు రెండు వైపులా కట్టే సంచులు తీసుకోండి. ఇక్కడ పంక్చర్ అంటే తుమ్మముల్లు. టైరు విప్పి ట్యూబు మార్చడమే కాదు, టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లు మొన తీసేదాకా కొత్త ట్యూబు వేయొద్దు. లేకపోతే పది నిమిషాల్లో మళ్ళీ అదే పంక్చర్. మనిషికి రెండు ట్యూబులు, ప్యాచులు, సొల్యూషన్, పంపు ఉండాలి. మీ ట్యూబుకు ప్రెస్టా వాల్వ్, అంటే సన్నటి రకం వాల్వ్ ఉంటే మండల కేంద్రంలోని పంక్చర్ షాపు గాలిపైపు దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వ్‌కే బిగించి ఉంచండి.

చివరగా, బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఒక పని చేయండి. సంచులు పూర్తిగా సర్ది, నీళ్ళతో సహా కట్టి, హన్మకొండ నుంచి ఖిలా వరంగల్ దాకా తొక్కండి. మట్టికోట దాటి రాతికోట ద్వారంలోకి పోతే రోడ్డు కుడికి, ఎడమకు వంకర తిరుగుతుంది. రామగిరిలో మీరు చూడబోయే ఏర్పాటే అది, ఇక్కడ సైకిల్ మీదే దాటొచ్చు. ఆ మలుపుల్లో బరువు ఎటు లాగుతుందో, ఏ నట్టు గలగలమంటుందో తెలిసిపోతుంది. తోరణాల దగ్గర కాసేపు ఆగి, తిరిగొచ్చేటప్పుడే ఆ నట్టును హన్మకొండలో బాగు చేయించుకోండి. ములుగు దాటాక గేర్ సైకిల్ విప్పే షాపు మళ్ళీ కరీంనగర్‌లోనే.